తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దవారికి తిండి విషయంలో ఏం చేయాలి, ఎలా చేయాలి

తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్ల గురించి ఇంట్లో అందరికీ టెన్షనే. ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు, రాడ్డు వేస్తారా, బాల్ మారుస్తారా, మళ్లీ ఎప్పటికి నడుస్తారు అని డాక్టర్‌ను పదేపదే అడుగుతాం. పొద్దుటి నుంచి ఎంత తిన్నారని మాత్రం ఎవరూ అడగరు. ఎవరైనా అడిగినా "ఏదో కొంచెం తిన్నారు" అనేసి ఊరుకుంటాం. చాలామంది కోలుకోలేకపోవడానికి ఆ "ఏదో కొంచెం" పెద్ద కారణం. అందుకే ఈ వివరమంతా.

ఎముక విరిగినప్పుడు, ఆ తర్వాత ఆపరేషన్ జరిగినప్పుడు శరీరానికి ప్రోటీన్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. గాయం మానాలన్నా, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోవాలన్నా అది కావాలి. తిండి ద్వారా అందకపోతే శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది. దానికి తోడు మంచం మీదే ఉండటం. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచితే, ఒక్క కాళ్లలోనే సుమారు కిలో కండ తగ్గిపోయింది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, వేళకు తిన్నవాళ్లు. నొప్పితో, మత్తుతో, ఆకలి చచ్చిపోయి పడుకున్న ఎనభై ఏళ్ల మనిషి సంగతి ఎలా ఉంటుందో ఊహించుకోండి. సర్జన్ ఎముకను ఎంత చక్కగా అతికించినా, దాన్ని నిలబెట్టి నడిపించాల్సింది ఆ కండే.

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 65 ఏళ్లు దాటిన, తుంటి విరిగిన మహిళల మీద ఒక అధ్యయనం చేశారు. 2006లో ప్రచురించారు. మొత్తం 302 మంది. అందరికీ మామూలు నర్సింగ్ సేవలు అందాయి. కొందరికి మాత్రం అదనంగా, తిండి సంగతి చూసుకోవడానికే సహాయకులను పెట్టారు. ఏది ఇష్టమో అడగడం, దగ్గర కూర్చుని తినిపించడం, పోషకాల డ్రింకులు తాగించడం వాళ్ల పని. నాలుగు నెలల తర్వాత చూస్తే, సహాయకులు లేనివారిలో నూటికి దాదాపు 23 మంది చనిపోయారు. సహాయకులు ఉన్నవారిలో 13 మంది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోయిందని చెప్పను. వైద్య అధ్యయనాలను కలిపి తూచి చూసే కోక్రేన్ అనే సంస్థ, 41 అధ్యయనాలతో 2016లో చేసిన సమీక్ష కూడా, పోషకాల డ్రింకుల వల్ల ఆపరేషన్ తర్వాతి సమస్యలు తగ్గవచ్చని చెప్పింది కానీ ప్రాణాలు నిలుస్తాయని గట్టిగా చెప్పలేదు. అయినా ఆ కార్డిఫ్ సహాయకులు చేసిన పనిలో మందు లేదు, మెషీన్ లేదు. పక్కన కూర్చున్న మనిషి ఎవరైనా చేయగలిగిన పని అది. ఆ మనిషి మీరే అనుకుని మిగతాది చదవండి.

చేరిన రోజే అడిగి రాసుకోవలసినవి

పేషెంట్ బరువు ఎంత? నిలబడలేని మనిషిని తూచడం కష్టం కాబట్టి ఈమధ్య ఎప్పుడైనా చూసిన బరువు గుర్తుచేసుకోండి. అది కూడా లేకపోతే వదులైన బట్టలు, జారిపోతున్న ఉంగరం, కాలి పిక్క సన్నబడటం చూడండి. పిక్క చుట్టుకొలత 31 సెంటీమీటర్ల లోపు ఉంటే పోషణ తక్కువగా ఉందేమోనని అనుమానించాలి. విరగని కాలికే కొలవండి. కిందటి మూడు నెలల్లో బరువు తగ్గారా, తిండి తగ్గిందా అన్నది కూడా ముఖ్యం. పడిపోయాక ఆసుపత్రికి రాకుండా ఇంట్లో ఎన్ని రోజులు ఉన్నారు, ఆ రోజుల్లో ఏం తిన్నారు అన్నది తప్పకుండా చెప్పండి. దీని గురించి కింద మళ్లీ వస్తాను.

ఇవన్నీ డ్యూటీ డాక్టర్‌కో నర్సుకో చెప్పి, డైటీషియన్ ఉంటే చూడమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. లావుగా ఉన్నవాళ్లకు ఈ బాధ లేదనుకోవద్దు. కొవ్వు కింద కండ కరిగిపోయి ఉండొచ్చు, అది కంటికి కనపడదు.

ఆపరేషన్‌కు ముందు ఆకలితో ఉంచే గంటలు

తుంటి ఆపరేషన్ వీలైనంత వరకు చేరిన రోజో మర్నాడో జరగాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. వాస్తవంలో వాయిదాలు పడుతుంటాయి. ఉదయం ఆపరేషన్ అని రాత్రి నుంచి ఏమీ పెట్టరు, సాయంత్రానికి రేపటికి మారిందంటారు. మళ్లీ రాత్రి నుంచి ఉపవాసం. ఇలా రెండు రోజులు గడిస్తే చాలు, పెద్దవాళ్లు నీరసంతో, నీళ్లు తగ్గిపోయి తికమకగా మాట్లాడటం మొదలుపెడతారు.

మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలన్నది నిజమే. కానీ సాధారణంగా తేలికపాటి ఆహారానికి 6 గంటలు, మంచినీళ్లు, పాలు కలపని టీ, గుజ్జు లేని పండ్లరసం లాంటివాటికి 2 గంటలు చాలు. పాలను ద్రవంగా కాకుండా ఆహారంగా లెక్కేయాలి. మీ పేషెంట్‌కు ఈ గడువు సరిపోతుందో లేదో చెప్పాల్సింది మత్తు డాక్టరే. షుగర్ బాగా ముదిరి కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్లకు వేరుగా చెప్పవచ్చు. కాబట్టి మీరు అడగాల్సినవి మూడు ప్రశ్నలు: చివరిసారి ఎప్పటిదాకా తినిపించవచ్చు, ఎప్పటిదాకా నీళ్లు తాగించవచ్చు, వాయిదా పడితే ఆ మాట మాకు ఎవరు చెబుతారు. వాయిదా అని తెలిసిన నిమిషమే నర్సును అడిగి తిండి మొదలుపెట్టండి, భోజనం బండి వచ్చేదాకా ఆగొద్దు.

"సెలైన్ ఎక్కుతోంది కదా, బలమే" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మామూలు ఉప్పునీటి సెలైన్‌లో క్యాలరీలే ఉండవు. అర లీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో వంద క్యాలరీల లోపే వస్తాయి, ప్రోటీన్ సున్నా. ఒంట్లో నీరు, లవణాలు తగ్గకుండా చూడటం సెలైన్ పని. భోజనం బదులు అది పనికిరాదు. రక్తపరీక్షలో అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) తగ్గిందని అల్బుమిన్ సీసా ఎక్కించమని అడిగేవాళ్లూ ఉన్నారు. గాయం, వాపు ఉన్నప్పుడు అల్బుమిన్ దానంతటదే తగ్గుతుంది. ఆ ఒక్క అంకెను చూసి పోషణను అంచనా వేయలేం, సీసా ఎక్కించి పోషణను పెంచనూ లేం.

రోజుకు ఎంత లోపలికి వెళ్లాలి

పెద్దవాళ్లకు ఇలాంటి సమయంలో కిలో బరువుకు సుమారు 30 క్యాలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందాలని యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. 50 కిలోల మనిషికి లెక్క వేస్తే రోజుకు 1,500 క్యాలరీలు, 60 నుంచి 75 గ్రాముల ప్రోటీన్. కార్డిఫ్ అధ్యయనంలో సహాయకులు లేనివాళ్లు రోజుకు సగటున 756 క్యాలరీలే తిన్నారు. సహాయం ఉన్నవాళ్లు 1,105. అంటే పక్కన కూర్చుని తినిపించినా పూర్తి మోతాదు అందడం తేలిక కాదు. పక్కన ఎవరూ లేకపోతే సగమే.

60 గ్రాముల ప్రోటీన్ వంటింట్లో ఎలా వస్తుందో చూడండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. గ్లాసు పాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో, 6 నుంచి 7. అంతే పెరుగులోనూ దాదాపు అంతే. ఉడికిన చికెన్ గానీ చేప గానీ వంద గ్రాములు తింటే 20 నుంచి 25 పైగా. గట్టిగా ఉడికించిన పప్పు ఒక కప్పు 8 నుంచి 10, పప్పు మీది తేట అయితే అందులో ఏమీ లేనట్టే. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, ఒక కప్పు పెరుగు, ఒక కప్పు గట్టి పప్పు, 80 గ్రాముల చికెన్ కలిపితే లెక్క సరిపోతుంది. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లకు పనీర్, సోయా, పాలపొడి తప్పనిసరి అవుతాయి. రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి గ్లాసు పాలలో కలిపితే ఇంకో 5 గ్రాములు చేరతాయి, గ్లాసు మాత్రం పెద్దది కాదు. పెద్దవాళ్లకు కావలసింది సరిగ్గా ఇలాంటిదే, తక్కువ పరిమాణంలో ఎక్కువ బలం. ఎముకల సూప్ మీద నమ్మకం ఎక్కువ కానీ, పలచటి సూప్‌తో కడుపు నిండుతుంది తప్ప ప్రోటీన్ పెద్దగా రాదు. పోయాలనుకుంటే అందులో మాంసం ముక్కలు మెత్తగా నలిపి వేయండి.

మొత్తం ప్రోటీన్ రాత్రి భోజనంలోనే పెట్టకుండా మూడు పూటలకూ పంచండి. పొద్దుటి పూట చాలా ఇళ్లలో ప్రోటీన్ దాదాపు ఉండదు. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు చేర్చడం అక్కడే మొదలుపెట్టండి.

ఆపరేషన్ అయిన రోజు

పూర్తిగా మెలకువ వచ్చి, వాంతి లేకుండా, మింగగలుగుతుంటే అదే రోజు తాగించడం, తినిపించడం మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్ తుంటికి జరిగింది, పేగులకు కాదు. గ్యాస్ పోయేదాకా ఆగాలన్న నియమం దీనికి వర్తించదు. ముందు రెండు మూడు గుక్కల నీళ్లు, ఇబ్బంది లేకపోతే పాలో జావో, తర్వాత మెత్తని భోజనం. వికారం ఉంటే నర్సుకు చెప్పండి, దానికి మందు ఉంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో కడుపులో తిప్పడం మామూలే. మందు మార్చమని అడగొచ్చు. ఓర్చుకుని ఉపవాసం ఉండాల్సిన పని లేదు.

తినిపించేటప్పుడు

అసలు సంగతి ఇక్కడే ఉంది, ఎక్కువసేపు చెబుతాను.

ఒక వార్డులో మధ్యాహ్నం భోజనం వచ్చిందనుకోండి. ప్లేటు మంచం పక్కన బల్ల మీద పెట్టి వెళ్లారు. బల్ల విరిగిన తుంటి వైపు ఉంది. పెద్దావిడ మంచం మీద సగం జారిపోయి, తల మాత్రమే దిండు మీద ఎత్తుగా ఉండి, గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. కళ్లజోడు సంచిలో ఉంది. పళ్లసెట్టు ఆపరేషన్ థియేటర్‌కు పోయేముందు తీసి డబ్బాలో వేశారు, ఆ డబ్బా ఇంటికి వెళ్లిపోయింది. గంట తర్వాత ప్లేటు నిండుగానే వెనక్కి వెళుతుంది. రికార్డులో "తినడానికి ఇష్టపడలేదు" అని ఉంటుంది. ఆవిడకు ఆకలి లేదని ఎవరు చెప్పగలరు?

కాబట్టి భోజనానికి అరగంట ముందు పని మొదలుపెట్టండి. నొప్పి మందు వేసే వేళను, భోజనం వేళను కలపమని నర్సును అడగండి. నొప్పి తగ్గితేనే లేచి కూర్చోగలరు. డాక్టర్, ఫిజియోథెరపిస్ట్ ఒప్పుకుంటే కుర్చీలో కూర్చోబెట్టండి. లేదంటే ముందు మంచంలో పైకి జరిపి, తర్వాత తలవైపు వీలైనంత నిటారుగా లేపండి. కొత్త బాల్ వేసినవాళ్లను మరీ ముందుకు వంగనివ్వకూడదని చెప్పి ఉంటే అది పాటించండి. జరపడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కరే లాగొద్దు. నోరు శుభ్రం చేయండి. ఆక్సిజన్ పెట్టినవాళ్లకు నోరు అట్టకట్టినట్టు ఎండిపోతుంది, ఆ నోటికి ఏదీ రుచించదు. తడి గుడ్డతో నాలుక, చిగుళ్లు తుడవండి. నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి, అది ఫంగస్ కావచ్చు. పళ్లసెట్టు, కళ్లజోడు, వినికిడి మెషీన్ పెట్టండి. అప్పుడు ప్లేటు మూత తీయండి.

ఎదురుగా, కళ్లకు కళ్లు కలిసే ఎత్తులో కూర్చోండి. నిలబడి తినిపిస్తే వాళ్లు తల పైకెత్తి మింగాలి, పొలమారుతుంది. ప్రోటీన్ ఉన్నదాన్ని ముందు పెట్టండి. నాలుగు ముద్దలకే కడుపు నిండిందనేవాళ్లకు ఆ నాలుగూ గుడ్డో పప్పో చేపో అయి ఉండాలి. చిన్న చెంచా వాడండి. నోట్లో పెట్టాక గొంతు కదిలేదాకా, అంటే మింగేదాకా, రెండో చెంచా ఎత్తొద్దు. మాట్లాడించొద్దు. చేయి పని చేస్తుంటే చెంచా వాళ్ల చేతికే ఇచ్చి మీరు మణికట్టు దగ్గర పట్టుకోండి. సొంత చేత్తో తిన్న ముద్ద తేలికగా దిగుతుంది. తిన్నాక కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచండి.

తినేటప్పుడు దగ్గు, తాగాక గొంతు గురగురలాడటం, తిండి బుగ్గలో ఉండిపోవడం, ఒక్క చెంచా మింగడానికి చాలాసేపు పట్టడం కనిపిస్తే తినిపించడం ఆపి నర్సుకు చెప్పండి. మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్టులు ఉంటారు. బాగా మత్తుగా, నిద్రమత్తులో ఉన్న మనిషి నోట్లో ఏదీ పెట్టొద్దు.

ఆపరేషన్ తర్వాత కొందరు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడతారు, పగలు నిద్రపోయి రాత్రి గొడవ చేస్తారు. దీన్ని డెలిరియం అంటారు. ఇలాంటివాళ్లతో భోజనం వేళ వాదించొద్దు. మెలకువగా, శాంతంగా ఉన్న వేళ చూసుకుని, అది తెల్లవారుజామైనా సరే, అప్పుడు పెట్టండి. తెలిసిన మొహం, తెలిసిన గొంతు ఉంటే ఎక్కువ తింటారు.

చివరగా, రాసుకోండి. ఎంత పెట్టారో కాదు, ఎంత తిన్నారో. ప్రతి పూటా "పావు, సగం, ముప్పావు, అంతా" అని ఒక మాట చాలు. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు "సరిగా తినట్లేదండీ" అంటే తల ఊపి వెళ్లిపోవచ్చు. "రెండు రోజులుగా అన్ని పూటలూ పావు ప్లేటే" అని కాగితం చూపిస్తే ఏదో ఒకటి చేయక తప్పదు.

తిండి సరిపోవట్లేదని తేలితే

మొదటి పని, ఆంక్షలు సడలించడం. షుగర్ ఉందని, బీపీ ఉందని, కొలెస్ట్రాల్ ఉందని ఏళ్ల తరబడి పాటించిన చప్పిడి తిండి ఈ కొన్ని వారాలు అవసరమా అని డాక్టర్‌ను అడగండి. చాలాసార్లు మందు మోతాదు సర్దుకుని తిండి మీది ఆంక్షలను వదిలేయవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ప్రోటీన్, పొటాషియం లెక్క కిడ్నీ డాక్టరే చెప్పాలి, సొంతంగా పెంచొద్దు, తగ్గించొద్దు.

రెండోది, తాగే పోషకాల డ్రింకులు. తుంటి విరిగిన పెద్దవారికి ఆపరేషన్ తర్వాత వీటిని ఇవ్వాలని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. రోజుకు కనీసం 400 క్యాలరీలు, 30 గ్రాముల ప్రోటీన్ వీటి ద్వారా రావాలి, కనీసం నెల రోజులు కొనసాగించాలి. డబ్బా మీద ఈ రెండు అంకెలు చూసి తీసుకోండి, బొమ్మ చూసి కాదు. భోజనానికి ముందు ఇస్తే ఆకలి చచ్చిపోతుంది. రెండు భోజనాల మధ్య, పడుకోబోయే ముందు ఇవ్వండి. గ్లాసుడు ఒకేసారి తాగలేకపోతే, మందులు మింగే ప్రతిసారీ నీళ్లకు బదులు నాలుగు గుక్కలు ఇది పట్టించే పద్ధతి ఉంది. ఏ మందులు దీనితో వేయకూడదో నర్సును అడగండి.

అయినా మూడు రోజులకు మించి నోటితో ఏమీ తీసుకోలేని పరిస్థితి ఉంటే, లేదా వారం దాటినా అవసరంలో సగం కూడా అందకపోతే, తిండి పంపడానికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయాలా అని డాక్టర్లు ఆలోచిస్తారు. అది శిక్ష కాదు. అలాగని అందరికీ అవసరమూ కాదు, తికమకలో ఉన్నవాళ్లు దాన్ని లాగేస్తుంటారు. మంచిచెడ్డలు మాట్లాడి నిర్ణయించుకోవాలి.

ఇక పైన మళ్లీ వస్తానన్న విషయం, పడిపోయాక తిండి లేకుండా ఇంట్లో గడిచిన రోజుల సంగతి. ఐదు రోజులు లేదా అంతకంటే ఎక్కువ దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టడం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం అకస్మాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటివాళ్లకు మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించకుండా మొదలుపెట్టి, ముందుగా బి1 విటమిన్ ఇచ్చి, రక్తపరీక్షలు చూస్తూ పెంచుతారు. పడిపోయి ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు, బాగా చిక్కిపోయినవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు ఈ కోవలోకి రావచ్చు.

నీళ్లు, విరేచనం

లేచి బాత్రూముకు వెళ్లలేమన్న భయంతో చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు. బెడ్‌పాన్ అడగడానికి సిగ్గు. ఆ సిగ్గు పోగొట్టడం మీ పనే. గుండె, కిడ్నీ సమస్యల వల్ల డాక్టర్ పరిమితి పెట్టకపోతే ఆడవాళ్లకు రోజుకు కనీసం 1.6 లీటర్లు, మగవాళ్లకు 2 లీటర్ల ద్రవాలు అందాలి. పాలు, టీ, మజ్జిగ కూడా లెక్కే. గ్లాసు చేతికి అందే చోట, విరగని వైపు పెట్టండి.

నొప్పి మందుల వల్ల, పడుకోవడం వల్ల మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది. కడుపు బిగిసిన మనిషి ఎలా తింటాడు? రెండు రోజులు విరేచనం కాకపోతే చెప్పండి, మందు ఇస్తారు. నీళ్లు తాగించకుండా పీచు పొడులు మాత్రమే వేస్తే ఇంకా బిగుస్తుంది.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ రోజున బరువు చూసి రాసుకోండి. తర్వాత వారానికోసారి, ఒకే వేళకు. ఇంటికి రాగానే తిండి దానంతటదే బాగుపడుతుందని అనుకోవద్దు, తగ్గిన కండ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఫిజియోథెరపీ వ్యాయామాలు చేయిస్తున్నారా, అవి అయ్యాక ఒక గ్లాసు పాలో గుడ్డో ఇవ్వండి. వ్యాయామం లేకుండా ప్రోటీన్ ఒక్కటే పెట్టినా, ప్రోటీన్ లేకుండా వ్యాయామం ఒక్కటే చేయించినా కండ అంతగా పెరగదు.

విటమిన్ డి సాధారణంగా రోజుకు 800 యూనిట్లు రాస్తారు, లోపం ఎక్కువగా ఉంటే ముందు పెద్ద మోతాదు ఇస్తారు. కాల్షియం తిండితో, మాత్రలతో కలిపి రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాములు చాలు, అంతకు మించి మింగితే లాభం లేదు. మాత్రల వేళలు జాగ్రత్త. కాల్షియం మాత్రను ఐరన్ మాత్రతో, థైరాయిడ్ మాత్రతో కలిపి వేయొద్దు, ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. థైరాయిడ్ మాత్రకు, కాల్షియానికి మధ్య నాలుగు గంటలు ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తింటే చాలు. పార్కిన్సన్ జబ్బుకు లెవోడోపా వాడేవాళ్లకు ఆ మాత్ర భోజనానికి అరగంట ముందు పడాలి, ప్రోటీన్‌తో కలిస్తే సరిగా పనిచేయకపోవచ్చు.

మళ్లీ ఎముక విరగకుండా వాడే మందు గురించి డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి. అలెండ్రోనేట్ లాంటి మాత్ర రాస్తే, పొద్దున్నే పరగడుపున గ్లాసు మంచినీళ్లతో మాత్రమే వేసుకుని, అరగంట నిటారుగా కూర్చోవాలి. పడుకోకూడదు, టీ కూడా తాగకూడదు. అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్లకు, మింగడం కష్టమైనవాళ్లకు ఆ మాత్ర పనికిరాదు. అలాంటివాళ్లకు ఏడాదికోసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. అది ఇచ్చే ముందు విటమిన్ డి, కాల్షియం, కిడ్నీ పరీక్షలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తారు.

వారాల్లో బరువు తగ్గుతూ పోతున్నా, గాయం మానకపోయినా, పిరుదుల దగ్గరో మడమ దగ్గరో చర్మం ఎర్రబడి తగ్గకపోయినా, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మీరు రాసుకున్న కాగితం తీసుకుని ముందే వెళ్లండి.